ముప్పై ఎనిమిదో వరస

పొద్దున్నే తాళం తీయగానే
ముందు ఉప్పు తుడవాలండీ.
ఒకప్పుడిది ఉప్పు గోదాము. గోడలింకా ఆ సంగతి మర్చిపోలేదు.
ముసురు పట్టిందంటే చాలు
లోపల్నుంచి తెల్లగా చెమర్చి
పేర్లు కొరుక్కు తింటాయి.

అరవై ఒక్క మంది.
కోరంగి పాయ దాటి, కాకినాడ రేవులో ఓడెక్కి
రంగం వెళ్ళినోళ్ళు.
బియ్యం మిల్లులో బస్తాలు మోసినోళ్ళు.
యుద్ధమొచ్చి, తిరుగు ఓడ లేక
ఏదో రేవు మెట్ల మీద, ఒక మిట్టమధ్యాహ్నం
వరసగా నిలబెట్టి

ఆ పైమాట బోర్డు మీద లేదు.
రాయించిన పెమ్మాడి డ్రిల్లు మాష్టారు
అక్కడ చుక్కలు పెట్టించి, బయటికెళ్ళి చుట్ట వెలిగించారట.

అద్దాల బీరువాలో ఎక్కువేం లేవు.
మూతపోయిన మరచెంబు. బస్తాకొక్కెం.
ఇక్కణ్ణుంచి వెళ్ళి ఇక్కడికే తిరిగొచ్చిన కార్డు ముక్క,
"కోడలు నీళ్ళోసుకుంది" అన్నంత వరకూ కనిపిస్తుంది,
మిగతాది తపాలా ముద్ర కింద.

మధ్యాహ్నాలు ఎవరూ రారు. సందర్శకుల పుస్తకం చదువుకుంటాను.
"చాలా బాగుంది" అని రాశారు రాజోలు పెళ్ళివారు.
ఏం బాగుందో!
అయినా చేతికి పెన్నిచ్చి ఎదురుగా నిలబడితే
ఎవరైనా ఏం రాస్తారు లెండి.
ఆరో తరగతి పిల్లాడు రాశాడు:
"ఫ్యాను తిరగట్లేదు. నలభై రెండో ఆయనది మా ఇంటిపేరే."
చంపింది జపానోళ్ళని ఒకాయన నీలంతో రాస్తే
కాదు, పారిపోతున్న దొరల పటాలమని నల్లసిరా కొట్టేసింది.
ఎవరైతేనేం, మనోళ్ళని పంపిన మేస్త్రీ మాటేంటని
దాని కింద ఎర్రసిరా.
నొక్కి నొక్కి రాయడంతో ఆ కాగితం చిరిగింది.
టేపు అంటించాను.

యానాం పెద్దాయన, రేవు కళాసీ, ఏమీ రాయలేదు.
కొక్కెం వంక శానాసేపు చూసి
"ఇది ఎడంచేతివాటం వాడిదమ్మా, అరుగుడు చూడు" అని
చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.
ఆ సాయంత్రం అద్దం ఎడంచేత్తో తుడిచాను.
ఎందుకో తెలీదు. సరిగ్గా రాలేదు కూడా.

ఇక ముప్పై ఎనిమిదో వరస.
అక్కడ పేరు లేదండీ. "కూలీ నెం. 38."
మిల్లు చిట్టాలో దొరికింది అంతే.

రొయ్యల పని సద్దుమణిగాక ఏటా భైరవపాలెం నుంచి
సంగాడి ముసలమ్మ వస్తుంది.
అది మా తాత ఎర్రయ్య, రాయించమంటుంది.
తాళ్ళరేవు వైపు నుంచి కోపనాతి దానమ్మా వస్తుంది.
కాదు, మా తాత కాటంరాజంటుంది.
కాగితాలు తెమ్మన్నారు ఆఫీసులో.
ఉప్పెనలో ఇల్లే పోయిందంటే, కాగితమెక్కడిది?

మొన్న కార్తీకంలో ఇద్దరూ ఒకే ఆటోలో దిగారు.
ఒకళ్ళెవరో ఒకళ్ళకి తెలీదు.
ఇద్దరి వేళ్ళూ ఆ ఒక్క వరస మీదే ఆగాక తెలిసింది.
కొట్టుకుంటారేమోనని కుర్చీ జరిపాను.
ముసలమ్మ బీరువా వైపు చూసి మెల్లిగా అడిగింది:
"మీ తాతది ఎడంచెయ్యా?"
"ఏమో. మాయమ్మ కడుపులో ఉండగా వెళ్ళాడు. మీ తాతదో?"
"ఏమోనే."
దానమ్మ సంచిలోంచి తేగలు తీసి చెరో ముక్కా విరిచింది.
నాకూ ఇచ్చింది.
వెళ్ళేముందు పెన్నుసిరా బొటనవేలికి రుద్దుకుని
పుస్తకంలో ఒకే గీత మీద ఇద్దరూ ముద్రలేశారు.
తడారక ముందే మూశానేమో,
ఒకదాని అంచు ఒకదాని మీదికి పాకింది.

ఈ ఏడూ పేర్లకి కొత్త రంగు వేయిస్తున్నారు.
పెయింటరు కుర్రాడు పోయినసారి ఓలేటిని ఓలేది చేశాడు,
అందుకని పక్కనే నిలబడ్డాను.
ముప్పై ఏడు అయింది.
"బాబూ, దీన్ని కొంచెం వెడల్పు చెయ్యి.
ఇంకా ఎవరైనా రావచ్చు" అన్నాను.

బ్రష్షు డబ్బాలో ముంచి
"ఎంతండీ?" అన్నాడు.